గుండమ్మ పేరున జిల్లా లేదు

కొండపల్లి బొమ్మల కాలనీలో ఏ దుకాణం ముందైనా నిలబడి, "పల్లకీలో పెళ్లికూతుర్ని ఒక్కదాన్నే ఇవ్వండి, మోసే బోయీలు నాకొద్దు" అని అడిగి చూడండి. బేరం సంగతి తర్వాత, ముందు మంచినీళ్లిచ్చి నీడన కూర్చోబెడతారు. అక్కడ అంబారీ ఏనుగు మావటితోనే వస్తుంది. కల్లు గీసేవాడు తాడిచెట్టుతోనే వస్తాడు. చెట్టు తీసేస్తే మిగిలేది గాల్లో మోకాళ్లు ముడుచుకున్న నడుంనొప్పి మనిషి. తెల్ల పొణికి చెక్కని తడి పోయేదాకా కాచి, తల వేరే, చేతులు వేరే చెక్కి, చింతగింజల పొడీ రంపప్పొట్టూ కలిపిన మక్కుతో అతికించి, సున్నం పూసి రంగులేసే ఆ చేతులకి తరతరాలుగా తెలుసు, కొనేవాడి చూపు పెళ్లికూతురి మీదే పడుతుందనీ, ఆ చూపుని అక్కడికి తోసేది చుట్టూ ఉన్నవాళ్లేననీ. 2007లో ఈ బొమ్మలకి భౌగోళిక గుర్తింపు ఇచ్చినవాళ్లు ఈ తెలివికి కూడా ఓ ముద్ర వేసి, ఒక నకలు ఫిల్మ్‌నగర్‌కి పంపి ఉండాల్సింది.

ఎందుకంటే అక్కడ కొన్నేళ్లుగా పెళ్లికూతుర్ని ఒక్కదాన్నే చెక్కుతున్నారు. ముంబై నుంచి విమానంలో దింపుతారు, మంచుకొండ మీద పల్చటి చీరలో నిలబెడతారు, సినిమా పోయాక "ఆ అమ్మాయిలో ఏదో మిస్సయిందండీ" అని నిట్టూరుస్తారు. ఆ అమ్మాయిలో ఏదీ మిస్సవ్వలేదు. ఆవిడ పక్కన మనుషులు మిస్సయ్యారు. మనవాళ్లకి ఆ ఖాళీ కనబడదు, ఎందుకంటే అందులో హీరోగారి కారు ఆగి ఉంటుంది.

1955 సంక్రాంతికి వచ్చిన 'మిస్సమ్మ' సంగతే తీసుకోండి. కథానాయిక మేరీ గుణగణాలేమిటి? ముక్కు మీద కోపం, మాటలో విసురు, మొగుడిగా నటించే ఎంటీ రావు నోరు తెరిస్తే చాలు కస్సుమనడం. ఇవే గుణాలతో ఎవరైనా మన గాంధీనగర్‌లో అద్దెకి దిగితే నెల తిరక్కుండా ఖాళీ చేయిస్తారు. అలాంటిది డెబ్బై ఏళ్లుగా తెలుగువాళ్లు ఆమెని నెత్తిన పెట్టుకున్నారంటే, ఆ కోపాన్ని ముద్దుగా చూపించడానికి అరడజను మంది పొద్దస్తమానం గొడ్డుచాకిరీ చేశారు కాబట్టి. అప్పిచ్చి, ఆ అప్పు అడ్డం పెట్టుకుని పెళ్లి చేసుకోమని వెంటపడే డేవిడ్‌గా రమణారెడ్డి సన్నటి ఒళ్లంతా వంకర్లు తిప్పుతూ ఎదురుపడకపోతే, మేరీ కోపం వట్టి పొగరు కింద జమకట్టేసేవాళ్లం. మన నూజివీడులో పుట్టిన ఎస్వీ రంగారావు గోపాలంగారై, పక్కన ఋష్యేంద్రమణి ఆయన ఇల్లాలై, ఆమెని కన్నకూతురిలా గారాబం చేస్తుంటారు. నిజంగా కన్నకూతురేనన్న సంగతి వాళ్లకీ తెలీదు, ఆమెకీ తెలీదు. ఆ గారాబంలో ఊపిరాడక మేరీ విసుక్కుంటే, ఆ విసుగు చూసి మనం నవ్వుతాం, నవ్వుతూ ఆమె పక్షం చేరిపోతాం. సీతగా జమున వచ్చి రావు దగ్గర సంగీతం నేర్చుకోవడానికి కూర్చోకపోతే రావంటే తనకి ఇష్టమన్న కబురు మేరీకే అందేది కాదు. ఒకమ్మాయి మనసులో మాట ఆమె చెవిన వెయ్యడానికి ఇంకో అమ్మాయి సరిగమలు పాడాలి. అదండీ రాత అంటే!

ఈ వాదన మీద అనుమానమున్నవాళ్లకి ఓ రుజువుంది. మేరీ వేషం మొదట భానుమతిది. కొన్ని రీళ్లు తీశాక నిర్మాత చక్రపాణికీ ఆవిడకీ చెడింది. చెల్లెలు సీతగా వెయ్యాల్సిన సావిత్రిని అక్క కుర్చీలోకి జరిపారు, సావిత్రి కుర్చీలో జమునని కూర్చోబెట్టారు. మామూలు సినిమా అయితే ఈ దెబ్బకి మూలన పడేది. ఇది పడలేదు. ఎందుకంటే ఆ కుర్చీ చుట్టూ గోపాలం, డేవిడ్, రాజు అప్పటికే కుదురుగా నిలబడి ఉన్నారు. సావిత్రిని తక్కువ చేసేంత పాపం నేను మూటకట్టుకోను. ఆవిడ కనుబొమ్మ ఒక్కటి ఎత్తితే ఈనాటి మూడు సినిమాల క్లైమాక్సులు అందులో పడిపోతాయి. కానీ ఆ కనుబొమ్మ ఎత్తడానికి ఎదురుగా ఎవడో ఒకడు వెధవపని చేస్తూ ఉండాలి కదా! మేరీ పాదం మీది పుట్టుమచ్చ కోసం తిరిగే ఆ ఉత్తుత్తి డిటెక్టివ్ రాజు ఎవరనుకున్నారు? అప్పటికే 'దేవదాసు'గా రాష్ట్రాన్ని ఏడిపించిన అక్కినేని నాగేశ్వరరావు. అదే వేషం తమిళంలో హాస్యనటుడు తంగవేలుకి ఇచ్చారు. అంటే మొదటి వరుస హీరో హాస్యగాడి వేషం వేసి, కథానాయిక కాళ్ల దగ్గర భూతద్దం పట్టుకుని తిరిగాడన్నమాట. ఈ మాట ఇప్పటి హీరోల మేనేజర్ల దగ్గర అనకండి, బీపీలున్న మనుషులు.

ఆ మచ్చ కథ అక్కడితో అయిపోలేదు. మూడు దశాబ్దాల తర్వాత వంశీ 'లేడీస్ టైలర్' నాటికి అది పాదం మీంచి తొడ మీదికి ఎక్కింది. మొదట వెతికింది గోపాలంగారి మేనల్లుడు రాజు, తర్వాత వెతికింది దర్జీ హీరో. ఆ పై ఇక కెమెరాకి దారి చూపించడానికి వేరే పాత్రతో అవసరం లేకుండా పోయింది, కెమెరాయే వెతుక్కోవడం నేర్చుకుంది.

ఇక అసలు దేవత దగ్గరికి వద్దాం. 1962లో విజయా సంస్థవాళ్లు ఒక సినిమా తీశారు. అందులో అంజిగా ఎన్టీఆర్ ఉన్నాడు, ఏఎన్నార్ ఉన్నాడు, సావిత్రి, జమున, ఎస్వీఆర్ ఉన్నారు. పేరు మాత్రం 'గుండమ్మ కథ'. ఇద్దరు హీరోలు, ఇద్దరు హీరోయిన్లు బారులు తీరి నిలబడి ఉండగా బోర్డు మీద సవతి తల్లి పేరు రాసిన గుండె ధైర్యం చూడండి. ఇప్పుడైతే అదే కథకి 'అంజి' అని పేరు పెట్టి, కింద చిన్న అక్షరాల్లో ఇంగ్లీషు ముక్క ఒకటి తగిలించి, గుండమ్మని పోస్టర్ మూలన జీరాక్స్ సైజులో వేసేవాళ్లు.

సావిత్రి లక్ష్మి పాత్ర మీద చెయ్యి వేసి చూడండి, ఏముందందులో? ఓర్పు. అంట్లు తోముతుంది, పిండి రుబ్బుతుంది, కళ్లు తుడుచుకుంటుంది. ఓర్పుని జనం గౌరవిస్తారుగానీ ప్రేమించరు, గుడి బయట చెప్పులు కాపలా కాసేవాళ్లలోనూ బోలెడంత ఓర్పుంటుంది. లక్ష్మి ఓర్పుని చూసి రాష్ట్రమంతా కరిగిపోయిందంటే, దానికి కారణం గుండమ్మగా ఎడంచెయ్యి తిప్పుతూ కసిరే సూర్యకాంతం. ఆవిడ తిట్లన్నీ తన ఖాతాలో వేయించుకుంది, జాలంతా సావిత్రి ఖాతాకి మళ్లించింది. జమున సరోజ ఇంకా గడుసు లెక్క. పొగరుబోతు, సోమరి, తల్లి చాటు బిడ్డ. అలాంటి పిల్లని నాగేశ్వరరావు ప్రేమిస్తే మనం ఛీ కొట్టాలి. కొట్టలేదు. "తల్లి పెంపకం అలాంటిది పాపం" అని గుండమ్మ మీదికి తోసేశాం. ఒకే మనిషి ఇద్దరు కథానాయికలకి, ఒకరి కష్టానికి, ఇంకొకరి తప్పుకి, బాధ్యత మోసింది. పైగా ఆ సినిమా శ్రద్ధగా చూసినవాళ్లకి తెలుస్తుంది, గుండమ్మ అంత రాక్షసేం కాదు. పక్కన చేరి ఎగదోసే గంటయ్య ఎక్కడ కీ ఇస్తే అక్కడ తిరిగే అమాయకురాలు. చివర్లో ఛాయాదేవి దుర్గమ్మగా దిగి ఆవిడనే గడగడలాడిస్తుంటే, "అయ్యో మా గుండమ్మ" అనిపిస్తుంది చూశారా, అక్కడ సూర్యకాంతం మనకి తెలియకుండా కథానాయిక అయిపోయింది.

ఆవిడకి నిజంగానే కథానాయిక వేషం దగ్గరదాకా వచ్చి, కారు ప్రమాదంలో ముఖానికి గాయమై చేజారిందని సినిమా చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. షూటింగులకి ఇంటి నుంచి కారేజీలు తెచ్చి యూనిట్‌కంతా వడ్డించేదనీ అంటారు. తెర మీద అన్నం పెట్టని అత్త, తెర వెనక అందరికీ పెట్టింది. ప్రతిఫలంగా తెలుగుజాతి ఆవిడకి ఏమిచ్చింది? ఆడపిల్లలకి సూర్యకాంతం అని పేరు పెట్టడం మానేసింది. ఇక్కడే మా కొండపల్లివాళ్లు కొంచెం గొంతు సవరించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి మాది ఎన్టీఆర్ జిల్లా. ఆయన పుట్టిన నిమ్మకూరేమో కృష్ణా జిల్లాలోనే ఉండిపోయింది, అది వేరే కామెడీ. అంజికి ఒక జిల్లా వచ్చింది, కలెక్టరేట్ వచ్చింది, కాగితాల మీద ముద్ర వచ్చింది. అంజిని అంజిగా నిలబెట్టిన గుండమ్మ పేరు ఉయ్యాలలో పసిబిడ్డకి కూడా రాలేదు. తెలుగువాడి కృతజ్ఞత కొలవాలనుకునేవాళ్లు ఈ రెండు కొసల మధ్య టేపు పట్టి చూసుకోవచ్చు.

ఇది మన రోగమే అని సిగ్గుపడిపోకండి, అమెరికావాళ్లదీ ఇదే తంతు. 1959లో వచ్చిన 'పిల్లో టాక్'లో డోరిస్ డే ఇంట పనిమనిషిగా, పొద్దున్నే తల పట్టుకుని వచ్చే తాగుబోతుగా వేసిన థెల్మా రిట్టర్‌ని ఆస్కార్‌కి ఆరుసార్లు పేరు పెట్టి పిలిచారు. ఆరుసార్లూ ఉత్త చేతులతో ఇంటికి పంపారు.

సావిత్రి దగ్గరే ఇంకొక్క నిమిషం ఆగాలి. 'మాయాబజార్' అనగానే ఆవిడని తలుచుకుని మురిసిపోయే ఘట్టం ఏది? పెళ్లిపీటల మీద లక్ష్మణకుమారుడి కాలు తొక్కే ఘట్టం. అక్కడ ఆవిడ శశిరేఖే కాదు! శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు. అంటే తెలుగుతెర మీద అందరికంటే ముద్దొచ్చే కథానాయిక లోపల మీసాలు దువ్వే ఎస్వీ రంగారావు కూర్చుని ఉన్నాడు, ఎదురుగా మూలుగుతూ రేలంగి కూర్చున్నాడు. అసలు శశిరేఖ ఆ టైముకి ఘటోత్కచుడి ఆశ్రమంలో క్షేమంగా ఉంది. సహాయ పాత్ర కథానాయికని నిలబెడుతుందని నేనంటుంటే మీరు నవ్వారు. 1957లోనే సహాయ పాత్ర ఏకంగా కథానాయికలోకి దూరి పని పూర్తి చేసి వెళ్లింది.

ఆ రోజుల్లో ఇంకో ఏర్పాటుండేది. రేలంగి పక్కన గిరిజ, పద్మనాభం పక్కన గీతాంజలి, ఆ తర్వాత రాజబాబు పక్కన రమాప్రభ. ఈ జంటలది కడుపుబ్బ నవ్వించే పనని మాత్రమే అనుకుంటాం. వాళ్ల అసలు ఉద్యోగం కథానాయిక మర్యాద కాపాడటం. గోడలు దూకడం, కొంగులు లాగడం, చీకట్లో తడుముకోవడం, పెద్దవాళ్లకి దొరికిపోవడం, ఇవన్నీ వాళ్లు చేసేవాళ్లు. హాల్లో నేల తరగతి ఈలలు వాళ్ల వాటా. కథానాయిక కిటికీ దగ్గర నిలబడి వెన్నెలకేసి చూస్తే సరిపోయేది. వెన్నెల అందం సగం, పక్కింటి గోడ దూకుతున్న రమాప్రభ పుణ్యం సగం. తర్వాత ఖర్చు తగ్గించే తెలివైనవాడెవడో లెక్క చూశాడు. రెండో జంటకి రెమ్యూనరేషన్ ఎందుకు, గోడ కూడా హీరోయిన్ చేతే దూకించేస్తే పోలా అన్నాడు. అప్పట్నుంచి ఆవిడే కిటికీ, ఆవిడే గోడ, ఆవిడే వెన్నెల, పాట మూడో చరణంలో ఆవిడే వాన. ఇన్ని పనులు నెత్తిన పెట్టి, నటించడానికి టైమెక్కడుందో మాత్రం ఎవరూ అడగరు.

జంధ్యాల వచ్చాక చుట్టూ ఉన్నవాళ్లకి మళ్లీ ప్రాణం పోశాడు, ఒకోసారి మరీ ఎక్కువ పోశాడు. 1987 నాటి 'అహ నా పెళ్లంట!'లో కథానాయిక ఎవరని మీ ఇంట్లో అడగండి. తలలు గోక్కుంటారు. రజని అని చెప్పడానికి ఒక నిమిషం పడుతుంది. అదే సినిమాలో చూరుకి వేలాడిన కోడి గురించి అడగండి, మూడో తరగతి పిల్లాడు కూడా లేచి నిలబడి చెబుతాడు. ఒక్క డైలాగు లేదు, మేకప్ లేదు, ప్రాణం కూడా లేదు, అయినా ఆ కోడి దాదాపు నాలుగు దశాబ్దాలుగా స్టారే. దానికేసి చూస్తూ ఉత్తన్నం తిన్న లక్ష్మీపతి మన కంకిపాడు కోట శ్రీనివాసరావు. ఆ పిసినారి తండ్రి ఇంట్లో ఉండి కూడా పెళ్లి చేసుకోవాలన్న ఆశ చంపుకోలేదంటేనే ఆ పిల్ల మీద గౌరవం పుడుతుంది, కనక రజని పాత్రకి మిగిలిన ఆ కాస్త ఆకర్షణా కోటగారి పిసినారితనం నుంచి వచ్చిందే. కానీ ఇక్కడ తూకం అవతలికి మొగ్గింది, దాచడమెందుకు? పక్కవాళ్లు పెళ్లికూతుర్ని మొయ్యాల్సింది పోయి, పల్లకీలో వాళ్లే ఎక్కి కూర్చున్నారు. నవ్వులు మనకి మిగిలాయిగానీ ఆ అమ్మాయి మిగల్లేదు.

2006లో 'బొమ్మరిల్లు' వచ్చింది. హాసిని వస్తే కుర్రకారుకి మతిపోయింది. తల ఒకసారి ఢీకొంటే కొమ్ములొస్తాయని రెండోసారి గుద్దే పిల్ల. ఇంత సందడి చేసే మనిషి మన పక్కింట్లో ఉంటే ఇల్లు మారాలనిపిస్తుంది, తెర మీద ప్రాణం పెట్టేశాం. ఎందుకని? చుట్టూ ఆ ఇల్లుంది. గుండీలు కూడా తండ్రి చెప్పినట్టే పెట్టుకునే ఇల్లు. ప్రకాష్‌రాజ్ నవ్వితే క్యాలెండర్‌లో రాసి పెట్టుకునేంత క్రమశిక్షణ. అంత నిశ్శబ్దం పరిచారు కాబట్టి అందులో హాసిని మోత సంగీతంలా వినిపించింది. ఆ మోత కూడా సగం జెనీలియాది, గొంతు సవితారెడ్డిది. అప్పుడు పరిశ్రమ పెద్దలు ఒక గొప్ప నిర్ణయం తీసుకున్నారు. ఇంటిని అక్కడే వదిలేసి బొమ్మని మాత్రం ఎత్తుకెళ్లారు. తర్వాత పదేళ్ల పాటు ప్రతి సినిమాలోనూ ఒక పిల్ల, ఎవరూ క్రమశిక్షణగా లేని ఇంట్లో, ఎవరూ అడక్కుండానే గెంతుతూ, ఐస్‌క్రీం కోసం ఏడుస్తూ కనబడింది. జనం దాన్ని 'క్యూట్' అన్నారు కొన్నాళ్లు. తర్వాత వేరే మాటన్నారు, అది అచ్చులో వెయ్యకూడదు.

అన్నిటికంటే పెద్ద దొంగతనం మాత్రం ఇంకా చెప్పలేదు. గుండమ్మది ఎవరిల్లు? హీరోయిన్ ఇల్లు. గోపాలంగారు ఎవరి తండ్రి? హీరోయిన్ తండ్రి. లక్ష్మీపతి? అదీ హీరోయిన్ ఇల్లే. పాత సినిమాల్లో హీరో సంచి తగిలించుకుని ఒంటరిగా వచ్చేవాడు, కథంతా అమ్మాయి ముంగిట్లో నడిచేది. అంజి కాస్తా గుండమ్మ ఇంట్లో పనివాడిగా చేరి రోలు దగ్గర కూర్చోలేదూ? ఇప్పుడు మనుషులందరినీ బండెక్కించి హీరో ఇంటికి తరలించేశారు. హీరోకి నలుగురు స్నేహితులు, వాళ్లకొక రూము, రూముకొక ఓనరు, ఓనరుకొక బట్టతల. 2016 నాటి 'పెళ్ళిచూపులు' మంచి సినిమా, రీతూవర్మ చిత్ర తెలివైన పిల్ల, కానీ నవ్వులన్నీ హీరో స్నేహితుడు కౌశిక్ వాటా. 2021లో 'జాతిరత్నాలు' అని ముగ్గురు మగాళ్లు వచ్చి రాష్ట్రాన్ని నవ్వించిపోయారు, కథానాయిక చిట్టికి ఒక్క రత్నమూ దక్కలేదు. 2008లో మాత్రం ఇంద్రగంటి మోహనకృష్ణ 'అష్టా చమ్మా'లో లావణ్యకి ఝాన్సీ రూపంలో ఒక గట్టి మేనత్తని ఇచ్చాడు. చూశారా, ఆ అత్త ఎదురుగా నిలబడేసరికి కలర్స్ స్వాతి ఎంత తేలిగ్గా వెలిగిందో! ఆస్కార్ వైల్డ్ నాటకం దగ్గర అప్పు తెచ్చారనుకోండి, అప్పు తెచ్చి మేనత్తని పోషించడం తప్పేం కాదు.

మిగతావాళ్ల పద్ధతి ఎలా ఉంటుందంటే, 'మిస్సమ్మ' కథ ఒక పత్రికా ప్రకటనతో మొదలైంది కదా, ఈ కాలానికి అలాంటి ప్రకటన రాయించితే ఇలా వస్తుంది:

"కావలెను: హీరోయిన్‌కి స్నేహితురాలు. రంగు తక్కువ ఉండాలి, ఒళ్లు ఎక్కువ ఉండాలి. సొంతంగా ఇల్లు, అమ్మానాన్న, ఉద్యోగం, ప్రేమ ఉండరాదు. ఆకలి ఉండవచ్చును, సీనులో నవ్వు రాకపోతే సమోసా ఇప్పించబడును. హీరో కనబడగానే 'నాకు పనుంది, వెళ్తున్నా' అని తప్పుకోవడం వచ్చి ఉండాలి, ఆ పని ఏమిటో తెలుపబడదు. 'వాడు నిన్నే చూస్తున్నాడే' అన్న మాట నాలుగు రకాలుగా అనగలగాలి. ఇంటర్వెల్ లోపు అవసరపడితే పాత్రకి పేరు పెట్టబడును."

నవ్వకండి. ఈ అర్హతలన్నీ ఉన్న అమ్మాయిలు ఇప్పటికీ కృష్ణానగర్ చెట్ల కింద ఫోటోలు పట్టుకుని నిలబడే ఉన్నారు.

ఈ కృష్ణా తీరంలో సంగతి మొదట్నుంచీ ఇంత దిక్కుమాలినట్టు లేదు. మొవ్వ మండలం కూచిపూడికి వెళ్లండి. అక్కడ సిద్ధేంద్రయోగి పేరు మీద తరాలుగా ఆడుతున్న భామాకలాపంలో సత్యభామంతటి గర్విష్ఠి తెర మీంచి జడ విసిరి వస్తుంది. వచ్చి ఏం చేస్తుంది? మొగుడి పేరు చెప్పడానికి సిగ్గుపడి మెలికలు తిరుగుతుంది. పక్కన మాధవి లేకపోతే ఆ సిగ్గు తెల్లారేదాకా సాగి, జనం లేచి ఇళ్లకి పోతారు. మాధవి ఆరాలు తీస్తుంది, ఆట పట్టిస్తుంది, తెలియనట్టు నటిస్తుంది. ఒక్కో ప్రశ్నకి సత్యభామ ఒక్కో వన్నె తేలుతుంది. ఆ వేషం వేసింది మగవాడన్న సంగతి మరిచిపోకండి. వేదాంతం సత్యనారాయణశర్మ జడ వేసుకుని నిలబడితే ఆడవాళ్లే అసూయపడ్డారంటే, ఆయన విద్య ఎంతో, ఎదురుగా నిలబడి ఆయన్ని సత్యభామేనని నమ్మినట్టు మాట్లాడిన మాధవి విద్యా అంతే.

ఆ మాధవికి లోకం తెలుసు. విరహంలో కాగిపోతున్న సత్యభామ లేఖ రాసి, కృష్ణుడికి ఇచ్చి రమ్మంటే, పరుగెత్తుకుని పోలేదు. నాకేమిస్తావంది. మహారాణి ముక్కెర మీద కన్నేసి, అది కావాలని కూర్చుంది. పట్టువీడలేదు. వందల ఏళ్ల కిందట ఒక పల్లెటూరి నాటకంలో సహాయ పాత్ర తన రేటు తాను మాట్లాడుకుంది, అదీ కథానాయిక ముక్కు మీంచి.

కాబట్టి హీరోయిన్ స్నేహితురాళ్లారా, పిన్నులారా, పేరులేని మేనత్తలారా! రేపు షూటింగులో "ఆ అబ్బాయి ఎవరో కనుక్కుని రావే" అని డైలాగు చేతికిస్తే కదలకండి. పాత్రకి ఒక పేరు, కూర్చోడానికి ఒక కుర్చీ, తిట్టడానికి ఒక అమ్మ, ఇంటర్వెల్ తర్వాత కూడా రెండు సీన్లు, అన్నీ కాగితం మీదికి వచ్చాకే కాలు బయట పెట్టండి. ప్రొడక్షన్ మేనేజరు పరుగున వచ్చి "హీరోయిన్ గారు వెయిటింగ్ అమ్మా" అంటాడు.

"ఉండనివ్వండి బాబూ, నేను వెళ్లి చెప్పేదాకా ఆవిడ ప్రేమలో పడిందని ఆవిడకే తెలీదు" అనండి.